ఒక్క ముక్కలో చెప్పాడు

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో బుర్రావారని ఒక కుటుంబం ఉంది. ఇంటిపేరే బుర్ర. "అందరికీ బుర్ర తలలో ఉంటాది. మాకు పేరుకి ముందే ఉంటాది. ఎవరు ముందున్నట్టు?" అని ఇంటిపెద్ద ధర్మారావు అందరినీ అడుగుతాడు. ఈ ప్రశ్నకి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పలేక కాదు, నవ్వాపుకోలేక.

తెలివంటే అలాంటిలాంటి తెలివి కాదు. బెల్లం దిమ్మల మీద ఈగలు ముసురుతున్నాయని ధర్మారావు కొట్లో బోర్డు రాయించాడు, 'ఈగలు వాలరాదు' అని. అయినా వాలాయి. "చదువురాని ఈగల్తో మనకేటి మాటలు" అని వదిలేశాడు. ఆయన భార్య కాసులమ్మకి పక్కింటావిడ "వదినా, పొయ్యి మీద పాలున్నాయి, పొంగుతాయేమో కాస్త చూడు" అని చెప్పి సంతకెళ్ళింది. కాసులమ్మ చూసింది. పాలు పొంగాయి. అదీ చూసింది. పక్కింటావిడ తిరిగొచ్చేసరికి గడపలోనే ఎదురెళ్ళి, "పొంగాయమ్మా, కళ్ళారా చూశాను" అని చెప్పింది.

కాసులమ్మ తమ్ముడు సింహాద్రి కూడా వీళ్ళింట్లోనే ఉంటాడు. గోదాం తలుపు మీద ఓ కన్నేసి ఉంచరా అంటే, రాత్రంతా తలుపుకి కన్ను ఆనించి నిలబడ్డాడు. దొంగలు కిటికీలోంచి దిగి, దిమ్మలు మోసుకుని, పోతూ పోతూ అతని భుజం తట్టి మరీ పోయారు. "తలుపులోంచి ఒక్కడంటే ఒక్కడు రాలేదు బావా!" అని పొద్దున్నే గొప్పగా చెప్పాడు.

ఆ గోదాంలో ఎలుకల బాధ పడలేక ఒక పిల్లిని తెచ్చి, దానికి 'ఎలుక' అని పేరు పెట్టారు. ఎలుకా అని పిలిస్తే పిల్లీ వస్తుంది, ఎలుకలూ వస్తాయి, ఒక్క కేకతో రెండు పనులు! ఈ ఆలోచన నూకరాజుది. నూకరాజు ఆ ఇంటికి ఒక్కగానొక్క కొడుకు. నెమ్మదైనవాడు. అబద్ధం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీనివాడు. పెళ్ళీడు వచ్చి కూర్చుంది గానీ పెళ్ళి మాత్రం రాలేదు. కిందటేడు చూసిన సంబంధంవాళ్ళు "ఆలోచించుకుని కబురు పెడతాం" అని వెళ్ళిపోయారు. అంతే, అప్పటినుంచి రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, "పాపం, ఇంకా ఆలోచిస్తున్నారు, ఎంత కష్టంగా ఉందో" అని వాళ్ళ మీద జాలిపడేవాడు. చీకటి పడ్డాక లోపలికి వెళ్ళేటప్పుడు మాత్రం గుండెల్లో ఏదో ఖాళీగా ఉండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి.

ధర్మారావుకి మాణిక్యం అని ఒక అక్క ఉంది. విశాఖపట్నంలో కాపురం. పెళ్ళయి ఇంటిపేరు మారాకే ఆవిడకి బుర్ర వచ్చిందని అనకాపల్లిలో అనుకుంటారు. ఆవిడ ఒకరోజు ఫొటో పట్టుకుని వచ్చింది.

"పిల్ల పేరు పైడి. మా చేపలరేవు పిల్ల. తండ్రి పడవ మీద వేటకెళ్తాడు, తల్లి దగ్గరే నేను చేపలు కొంటాను. బంగారంలాంటి పిల్ల. బీచిరోడ్డులో జపాను హోటల్లో పనిచేస్తోంది. సుషీ చేస్తుంది."

"సుశీ ఎవరు? పిల్ల పేరు పైడన్నావు కదా అప్పా?" అన్నాడు ధర్మారావు.

"సుశీ కాదురా, సుషీ. జపానువాళ్ళ తిండి. అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి ఇస్తారు."

నూకరాజు ఫొటో అందుకున్నాడు. తెల్ల టోపీ, చేతిలో కత్తి, పెదాల చివర ఆపుకున్న నవ్వు. ఆ ఫొటోని తిరిగి అత్త చేతిలో పెట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది.

చిక్కల్లా ఒకటే. పెళ్ళిచూపులు ఆ హోటల్లోనే, అదీ రాత్రి పదకొండు దాటాక. ఓడలు దిగినవాళ్ళు ఏ వేళకో ఆకలితో వస్తారని ఆ హోటలు అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటుంది. ఆ పిల్లకి తీరిక దొరికేది అప్పుడే. పైగా, "నా పని చూశాకే నన్ను చూడాలి, అమ్మానాన్నలు కూడా పక్కన వద్దు, మాట్లాడుకోవలసింది మేము కదా" అందట.

మాణిక్యం నలుగురినీ వరసగా కూర్చోబెట్టి వేలు చూపించి మరీ చెప్పింది. "నాకు మోకాళ్ళ నొప్పి, నేను రాలేను. బాగా వినండి. నేను తల దించుకునే పని చెయ్యకండి. ఎవరూ ఎవరికీ పుల్లలు పెట్టకండి. తినడానికి ఏది పెట్టినా వంక పెట్టకుండా తినండి. ముఖ్యంగా నువ్వు, సింహాద్రీ, పచ్చిగా మాట్లాడకు. ఈ సంబంధం కూడా తప్పిపోయిందంటే నేనింక పెళ్ళి మాట ఎత్తను."

"మాట మరీ బరువుగా ఉంటే మేం నలుగురం ఎత్తుతాంలే అప్పా, నువ్వు మోకాళ్ళు చూసుకో" అన్నాడు ధర్మారావు.

మాణిక్యం తల పట్టుకుంది.

అనుకున్న రోజు వచ్చింది. బెల్లం వ్యానులో నలుగురూ బయల్దేరారు. రాత్రిపూట పిల్లని చూడాలంటే వెలుతురు కావాలి కదా! సింహాద్రి గోదాంలోని పెద్ద టార్చిలైటు తెచ్చాడు. హోటలు గుమ్మానికి నీలిరంగు గుడ్డతెర వేలాడుతోంది. దాన్ని తప్పించుకుని లోపలికి అడుగుపెట్టారో లేదో, చెక్కబల్ల వెనక నిలబడ్డ పైడి ముఖం మీద టార్చి వేసేశాడు.

"బావా, అప్పా, చూడండి, బాగా చూడండి! ముక్కు తీరుగా ఉంది. ఒరే నూకరాజూ, చెవులు కూడా చూసుకో, రెండున్నాయి!"

హోటల్లో దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయని ఎవరికీ తట్టలేదు. పైడి కళ్ళు చికిలించి, జపానువాళ్ళ పద్ధతి ప్రకారం నడుం వంచి తల దించి నమస్కారం పెట్టింది.

ఇంకేముంది! ధర్మారావు గుండె గుభేలుమంది. "అయ్యయ్యో, అప్ప చెప్పనే చెప్పింది, తల దించుకునే పని చెయ్యొద్దని! వస్తూనే పిల్ల తల దించుకునేలా చేసేశాం!"

"ఇప్పుడేటి దారి?" అంది కాసులమ్మ.

"తను ఒకసారి దించింది కదా, మనం రెండుసార్లు దించేద్దాం. తప్పు మన మీదకి వచ్చేస్తాది."

నలుగురూ రెండేసిసార్లు తలలు దించారు. పెద్దవాళ్ళు వంగితే తను నిలబడటం మర్యాద కాదని పైడి ఇంకాస్త కిందికి వంగింది. "మళ్ళీ దించేసింది!" అని వీళ్ళు ఇంకా కిందికి వంగారు. ఆ పిల్ల ఇంకా కిందికి. అలా వంగి వంగి, చివరికి సింహాద్రి నుదురు చెక్కబల్లకి ఠంగున తగిలింది. అక్కడితో ఆగారు.

"కూర్చోండి" అంది పైడి. గొంతు కొంచెం వణికింది. అది కోపమో నవ్వో నూకరాజుకి తెలీలేదు. కోపం కాకూడదని మనసులోనే ఇంటి ఇలవేల్పుకి దండం పెట్టుకున్నాడు.

చెక్కబల్లకి ఇవతల నలుగురూ ఎత్తు పీటల మీద వరసగా కూర్చున్నారు. పైడి ఒక్కొక్కరి ముందూ వెదురు పళ్ళెం పెట్టింది. అందులో తెల్లగా, సన్నగా చుట్టి, పొగలు కక్కుతూ ఏదో ఉంది. చేతులు తుడుచుకోవడానికి ఇచ్చిన వేడి తువ్వాలు అది. సింహాద్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పూతరేకు! వేడి పూతరేకు!" అని సగం నోట్లో పెట్టేసుకున్నాడు. నమిలాడు. తెగలేదు. లాగాడు. రాలేదు. కళ్ళు తేలేశాడు గానీ వంక మాత్రం పెట్టలేదు. "కొంచెం పీచు ఎక్కువ. అయినా బాగుంది" అన్నాడు దవడలు నొక్కుకుంటూ.

"అది తినేది కాదండీ, చేతులు తుడుచుకునేది" అంది పైడి.

"చూశావా తమ్ముడూ, తినొద్దంటోంది. మొహమాటం ఉన్న పిల్ల" అని కాసులమ్మ మురిసిపోయింది.

అంతలో పైడి ఒక్కొక్కరి ముందూ రెండేసి సన్నటి పుల్లలు పెట్టింది. అక్కడ అందరూ చెంచాలకి బదులు వాటితోనే తింటారు. కాసులమ్మ మురిపెం ఆవిరైపోయింది. మొగుడి చెవిలో గుసగుసలాడింది, ఆ గుసగుస వంటింట్లోకి కూడా వినపడింది.

"చూస్తున్నావా? ఇంకా పెళ్ళే కాలేదు, అప్పుడే పుల్లలు పెడుతోంది! నీకు రెండు, నాకు రెండు, తమ్ముడికి రెండు. మన నలుగురి మధ్యా పెట్టేసింది!"

"అబ్బాయికి కూడా పెట్టిందే!"

"అదే కదా నా బాధ!"

నూకరాజుకి చెమటలు పట్టాయి. సంబంధం ఇప్పుడే తప్పిపోయేలా ఉంది. గబగబా అందరి పుల్లలూ ఏరి, తన జేబులో పెట్టేసుకుని, "పుల్లల్లేవమ్మా. అన్నీ నేనే తీసేశాను" అన్నాడు. కాసులమ్మ ఊపిరి పీల్చుకుంది. పైడి అతని జేబు వంక చూసింది. జేబులోంచి ఎనిమిది పుల్లలూ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"పర్వాలేదు లెండి, సుషీ చేత్తో కూడా తినొచ్చు" అంది.

తర్వాత ఆ పిల్ల పని మొదలుపెట్టింది. తడిచేత్తో ఇంత అన్నం తీసుకుంది. గుప్పిట్లో ఒక్క తిప్పు, ఒక్క నొక్కు. బొటనవేలంత ముద్ద. దాని మీద రొయ్య. ఉడికించేటప్పుడే పుల్ల గుచ్చి సాగదీసిన రొయ్య, ఎక్కడా వంకర లేకుండా తిన్నగా పడుకుని ఉంది. ధర్మారావు దాన్ని వేలి మీద పెట్టుకుని దీపానికి ఎదురుగా చూశాడు.

"ఓహో! రొయ్యకి కూడా వంక పెట్టలేదు! పుట్టుకతో వంకరగా ఉండే రొయ్యని వంక లేకుండా పెట్టిందంటే, అప్ప చెప్పిన మర్యాదలు ఈ పిల్లకి ముందే తెలుసు!"

అది నిజంగా మెచ్చుకోలే. పైడికి ఎలా అర్థమైందో గానీ, పెదాల చివర ఆ ఫొటోలోని నవ్వు కాస్త బయటపడింది. నూకరాజు దాన్ని చూశాడు. రొయ్య రుచి అతనికి తెలీలేదు, తిన్నాడో లేదో కూడా తెలీలేదు.

పళ్ళెం అంచున పచ్చగా, గోరింటాకు ముద్దలా కొంచెం ఏదో పెట్టి ఉంది. పైడి హెచ్చరించింది. "బాబుగారూ, అది చాలా ఘాటు. ఎక్కువ తింటే ముక్కుకెక్కుతుంది."

"నోట్లో వేసుకుంటే ముక్కుకెలా ఎక్కుతాది? నిచ్చెనేటైనా ఉందా?" అంది కాసులమ్మ.

"ఎక్కనిస్తే కదా!" అన్నాడు ధర్మారావు. కాగితం రుమాలు చింపి, ఉండలు చుట్టి, ముక్కుకి రెండు వైపులా గట్టిగా బిరడాలు బిగించాడు. ఆ తర్వాత ముద్దంతా ధైర్యంగా నోట్లో వేసుకున్నాడు.

ఇంకేముంది! పెద్దాయన ముఖం ఎర్రబడింది. చెవులు ఎర్రబడ్డాయి. పీట మీద లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. కళ్ళల్లోంచి ధారలు. చివరికి ముక్కులోని బిరడాలు రెండూ తుపాకిగుళ్ళలా ఎగిరిపోయాయి.

"ముక్కుకి ఎక్కనివ్వలేదు" అన్నాడు రొప్పుతూ. "తలుపులు మూసేసరికి కళ్ళల్లోంచి దిగిపోయింది."

పైడి గబుక్కున అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని నూకరాజు బెంగపడ్డాడు. కాసేపటికి ఇటు తిరిగి, గొంతు సవరించుకుని, ఎర్రటి చేప ముక్కలు పెట్టిన సుషీ నలుగురి ముందూ పెట్టింది.

"ఇది ఈ హోటల్లో అందరూ అడిగి తినేదండీ. పచ్చి చేప."

నలుగురూ బిగుసుకుపోయారు. కాసులమ్మ చటాలున కొడుకు చెవులు మూసింది.

"ఏటమ్మా, ఆడపిల్లవి, అంతమాట..."

"ఏ మాటండీ?"

"అదే. ఆ మాట."

"పచ్చి అనా? పచ్చిదేనండీ. పూర్తిగా పచ్చి. పచ్చిగా ఉంటేనే రుచి."

"మళ్ళీ! నాలుగుసార్లు!" అంది కాసులమ్మ ఏడుపు గొంతుతో. "వంక పెట్టకుండా ఉంది, పుల్లలు పెట్టినా సర్దుకున్నాం. తీరా చూస్తే ఇంత పచ్చిగా మాట్లాడుతోంది!"

సింహాద్రి అక్క చెయ్యి పట్టుకుని ఓదార్చాడు. "ఊరుకో అప్పా. పిల్ల తప్పేటీ లేదు. తప్పంతా చేపది. అది ఉడకలేదు కాబట్టి దాని గురించి మాట్లాడితే ఆ మాట వస్తోంది. చేప ఉడికిపోతే మాట కూడా ఉడికిపోతాది. ఉండు."

ఎంత తెలివి! బల్ల చివర కాగితపు గూడులో ఒక కొవ్వొత్తి దీపం వెలుగుతోంది. సింహాద్రి నూకరాజు జేబులోంచి ఒక పుల్ల లాగి, చేప ముక్కని దానికి గుచ్చి, దీపం మీద కాల్చడం మొదలుపెట్టాడు. చేప కాలలేదు. కాగితం కాలింది. భగ్గుమని మంట లేచింది. "పొయ్యి అంటుకుంది బావా!" అని సింహాద్రి సంతోషించేలోపు పైడి టీ జగ్గు ఎత్తి దీపం మీదా, సింహాద్రి మీదా కలిపి గుమ్మరించింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటిది పైడీ! నీ చుట్టాలేనా? వీళ్ళని తొందరగా పంపించు, లేకపోతే బాగుండదు!"

ఆయన వెళ్ళిపోయాక పైడి నుదురు తుడుచుకుంది. "నా ఉద్యోగం ఊడేలా ఉంది" అంది నీరసంగా.

అంతే, సింహాద్రి తడిబట్టలతోనే వంగి చెక్కబల్లని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. "ఊడనివ్వనమ్మా. నేనున్నాను, నువ్వు పని చేసుకో."

నూకరాజు తల దించుకుని కూర్చున్నాడు. ఇంత తెలివిగలవాళ్ళం నలుగురం వచ్చాం, ఎవరు ఏ పని చేసినా ఇలా ఎందుకవుతోందో అతనికి అంతు పట్టడంలేదు. ఒకటి మాత్రం తెలుసు. రేపు సాయంత్రం మళ్ళీ అరుగు మీద కూర్చోవాలంటే తనవల్ల కాదు. ఆ తెల్లటోపీ పిల్ల కావాలి. ఇంకెవరూ వద్దు.

పైడి చేతిలో కత్తి పక్కన పెట్టి సూటిగా అతని ముందుకొచ్చి నిలబడింది.

"చూడండి, నాకు ఎక్కువ టైము లేదు. మీకంటే ముందు కూడా నాకు సంబంధాలు వచ్చాయి. నా పని గురించి అడిగితే అందరూ ఒకటే, చూద్దాం, పెళ్ళయ్యాక ఆలోచిద్దాం అని చుట్టూ తిప్పారు. నాకు చేప కొయ్యడం మా అమ్మ నేర్పింది. ఇది నేను వదలను. చుట్టూ తిప్పకుండా చెప్పండి. నేను మీకు నచ్చానా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

నూకరాజు చేతులు తుడుచుకున్నాడు. ఒక్క ముక్కలో చెప్పమంది. పళ్ళెంలో చూశాడు. అతని వంతు చేప ముక్క ఒక్కటే ఇంకా మిగిలి ఉంది. అదృష్టం బాగుంది! దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తాడు. పెదాల దగ్గర పెట్టుకుని, మాట బయటికి పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా ఏదో చెప్పాడు. చెప్పేటప్పుడు చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. ఆ ముక్కని పళ్ళెంలో పెట్టి ఆ పిల్ల ముందుకి జరిపాడు.

"చెప్పానండీ."

"ఏం చెప్పారు?"

"అందులో ఉందండీ."

పైడి ముక్క వైపు చూసింది, అతని వైపు చూసింది. చెయ్యి చాపబోయింది. ఇంతలో బల్ల పట్టుకుని వంగి ఉన్న తన ముక్కు ముందే పళ్ళెం ఆగడం చూశాడు సింహాద్రి. ఏది పెట్టినా తినమంది కదా మాణిక్యం! బల్లని ఒక చేత్తో వదిలి, ముక్క తీసి గుటుక్కున మింగేశాడు.

"మావయ్యా!" అని నూకరాజు గావుకేక పెట్టాడు. "నా మాట మింగేశావు!"

ఇంట్లోవాళ్ళు లబలబలాడారు. ధర్మారావు బావమరిది వీపు చరిచాడు. కాసులమ్మ అతన్ని తలకిందులుగా పట్టుకుందామంది. నూకరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అతనేమీ పచ్చముద్ద తినలేదు మరి.

"పోనీ మళ్ళీ చెప్పండి" అంది పైడి.

"ఎలాగండీ? మీరు ఒక్క ముక్కలోనే చెప్పమన్నారు. ఇంకో ముక్కలో చెబితే రెండు ముక్కలైపోతాయి. మాట తప్పినవాణ్ణి అవుతాను."

ఆ పిల్ల అతన్ని చాలాసేపు చూసింది. అందులో వెక్కిరింత లేదు. ఇలాంటివాడు ఎప్పటికీ చూద్దాం, ఆలోచిద్దాం అని తనని తిప్పలేడని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. బల్ల చుట్టూ తిరిగి ఇవతలకి వచ్చింది. టీలో తడిసిన సింహాద్రి బొజ్జ దగ్గర ఒంగి, చెవి ఆనించింది. అందరూ ఊపిరి బిగబట్టారు. బొజ్జ గుర్రుమంది.

"వినిపించింది" అంది పైడి.

"ఏ... ఏటంది?"

"నచ్చానంది."

"అదేనండీ! అక్షరం పొల్లు పోకుండా అదే చెప్పాను!" నూకరాజు పీట మీంచి కిందికి దూకాడు.

"మరి నా పని సంగతి? అది వినిపించలేదే?"

"అది పట్టలేదండీ, ముక్క చిన్నది కదా" అన్నాడు నూకరాజు. "దాని గురించి వేరే చెప్పడానికేటుంది? మీరు మానేస్తే ఆ చేపల్ని ఎవరు కోస్తారు? అన్నం ముద్దలు అలా ఎవరు చేస్తారు? మీ చేతులు ఆ పని చేస్తుంటేనే కదా నాకు... ఇందాక ముక్కలో చెప్పింది అదే కదండీ."

పైడి చెక్కబల్ల వెనక్కి వెళ్ళి, కొత్తగా ఒక ముద్ద చేసి, దాని మీద మంచి చేప ముక్క పెట్టింది. అటు తిరిగి దాంట్లో ఏదో చెప్పింది. చిన్న డబ్బాలో పెట్టి మూత బిగించి నూకరాజుకి అందించింది. "మీ ఇంటి పద్ధతి ఇదేగా మరి. నా జవాబు ఇందులో ఉంది. జాగ్రత్త." నవ్వు ఆపుకోవడం ఈసారి ఆమె వల్ల కాలేదు.

ఆ డబ్బాని నూకరాజు దారిపొడుగునా గుండెలకి హత్తుకుని కూర్చున్నాడు. గతుకు వస్తే, "నాన్నా, మెల్లిగా, మాట తొణుకుతాది" అనేవాడు. ఇల్లు చేరాక పెద్ద చర్చ. తిని తెలుసుకోవాలా, విని తెలుసుకోవాలా? మూత తీస్తే మాట ఎగిరిపోతుందా? తీయకపోతే ఊపిరాడక చచ్చిపోతుందా? చివరికి ధర్మారావు తీర్పు చెప్పాడు. మూత కాస్త ఓరగా తెరిచి ఉంచాలి, పొద్దున్నే నలుగురూ కలిసి వినాలి.

పొద్దున్న లేచేసరికి డబ్బా ఖాళీ. పక్కనే ఎలుక. అంటే వాళ్ళ పిల్లి. మీసాలు నాక్కుంటోంది.

నూకరాజు నిలువునా కూలబడ్డాడు. ఆ పిల్ల ఔనందో కాదందో ఇంక ఎలా తెలుస్తుంది? పిల్లి పొట్టకి చెవి ఆనించాడు. గుర్ గుర్ గుర్ అంటోంది. తండ్రి విన్నాడు, తల్లి వింది, మావయ్య విన్నాడు. ఎవరికీ ముక్క అర్థం కాలేదు. ఏడుస్తూ మాణిక్యానికి ఫోన్ చేశాడు.

అవతల ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని నూకరాజుకి తెలీదు కదా. "ఒరే వెర్రినాగన్నా, పైడి నాకు రాత్రే ఫోన్ చేసిందిరా. సరే అంది. ఇంతవరకూ అందరూ తెలివిగలవాళ్ళే వచ్చారు అత్తా, నిజం చెప్పేవాడు ఇప్పుడొచ్చాడు అంది."

"అయితే పిల్లి కడుపులో ఉన్నది సరే అనే మాటేనా అత్తా?"

"అదేరా నాయనా, అదే. పిల్ల మాట మీద నిలబడుతుంది. మీరు మాత్రం ఆ మాట పోగొట్టుకోకండి."

ఇంకేముంది! ఆ క్షణం నుంచి పిల్లిని ఒక్కరూ నేల మీద అడుగు పెట్టనివ్వలేదు. పెళ్ళిరోజు రానే వచ్చింది. పెళ్ళికొడుకు పట్టుబట్టలు కట్టుకుని, బాసికం పెట్టుకుని, పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి తరలివెళ్ళాడు. చేపలరేవు జనమంతా ముక్కున వేలేసుకున్నారు. "పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమని సామెత వినడమే గానీ కళ్ళతో చూడటం ఇదే" అన్నారు.

పురోహితుడు చిరాకుపడ్డాడు. "చంకలో పిల్లేమిటయ్యా? ముందు దాన్ని దింపు!"

"దింపకూడదండీ. పెళ్ళికూతురి మాట దీని దగ్గరే ఉంది."

"ఎవరి దగ్గరుంటే నాకేం! అవతల ముహూర్తం దాటిపోతోంది. మాట ఎవరి దగ్గరుందో వాళ్ళ మెడలోనే కట్టు, కానీ కానీ!"

అంతే! మేళం మోగింది. అక్షింతలు లేచాయి. నూకరాజు చంకలోంచి పిల్లిని తీసి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, భక్తిగా దాని మెడలో పసుపుతాడు వేసి ఒక ముడి బిగించాడు. రెండో ముడి వెయ్యబోతుండగా పైడి తెరపక్క నుంచి చెయ్యి చాపి, జారిపోయే చేపని పట్టుకున్నట్టు అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగండి. మిగతావి నాకు."

కానీ పడిన ముడి విప్పకూడదంది కాసులమ్మ. ఇంకేం చేస్తారు? ఇంకో పసుపుతాడు తెప్పించి పైడి మెడలో మూడు ముళ్ళూ వేయించారు. పైడి ఇప్పటికీ ఆ హోటల్లోనే పనిచేస్తోంది, నూకరాజు రోజూ రాత్రి వ్యాను వేసుకుని వెళ్ళి తీసుకొస్తాడు. ఎవరైనా పలకరిస్తే కాసులమ్మ చెప్తుంది, "మాకిద్దరు కోడళ్ళమ్మా. చిన్నది చేప కోస్తాది, పెద్దది పాలు తాగుతాది" అని. ఆ ఇంట్లో చేపలకూర వండితే మొదటి ముక్క పెద్దకోడలికే. దాని కడుపులోనే కదా చిన్నకోడలిచ్చిన మాట ఉంది, అది అలిగి ఎక్కడికైనా పోయిందంటే పెళ్ళి చెల్లదు!